స్త్రీ శరీరానికి దస్తావేజు

పేటెంటు అనే మాటకు మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఒక విచిత్రమైన గౌరవం ఏర్పడింది. సీసా మీద "పేటెంటు పొందినది" అని అచ్చువేసి ఉంటే చాలు, ఎవరో పెద్దలు, శాస్త్రజ్ఞులు దాన్ని పరీక్షించి, ఇది మేలు చేస్తుందని ముద్ర వేశారని జనం నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. ఏ మందైనా ఎవరికైనా మేలు చేస్తుందని పేటెంటు కార్యాలయం హామీ ఇవ్వదు. ఇది కొత్తదా, ఆ విద్య తెలిసినవాడికి సులభంగా తట్టని విషయం ఇందులో ఏదైనా ఉన్నదా, పరిశ్రమలో ఉపయోగించుకునే వీలున్నదా అని మాత్రమే అది చూస్తుంది. చూసి, 20 సంవత్సరాల గడువుతో ఒక ఆస్తిహక్కు రాసి ఇస్తుంది. ఆస్తిహక్కును యోగ్యతాపత్రంగా చలామణీ చేయడం వ్యాపారస్తుల పని. ఆ పని ఏ సంకోచమూ లేకుండా సాగుతున్న రంగాలలో ఒకటి, ముట్లుడిగిన స్త్రీల క్షేమం కోసమంటూ సోయా చిక్కుడు నుంచి తీసి అమ్ముతున్న మాత్రల రంగం.

సాహిత్య విమర్శకు కేటాయించిన పత్రికలో ఈ మాత్రల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. తెలుగు పాఠం చెప్పుకునేవాళ్ళకు పేటెంట్లతో పనేమిటని కూడా అడగవచ్చు. పేటెంటు మొదట ఒక రచన. మాటలతో హద్దులు గీసి, ఆ హద్దుల లోపల ఆస్తిని పుట్టించే రచన. మాటల చాటున దాగిన ఆస్తి సంబంధాలను బయటపెట్టడం అభ్యుదయ విమర్శ పని కాకపోతే, ఇక దాని పని ఏమిటి?

ముందుగా వస్తువును గురించి తెలుసుకుందాం. సోయా గింజలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉన్నాయి. వాటి నిర్మాణం స్త్రీ శరీరంలో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోనుకు కొంత దగ్గరగా ఉంటుంది గనుక వాటిని వృక్ష ఈస్ట్రోజన్లని కూడా అంటారు. వాటిలో ఒకదాని పేరు డైడ్జీన్. సోయా తిన్నవాళ్ళ పేగులలో కొన్నిరకాల సూక్ష్మజీవులు ఈ డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే మరొక పదార్థంగా మారుస్తాయి. ఆ శక్తి గల సూక్ష్మజీవులు అందరి పేగులలోనూ ఉండవు. పాశ్చాత్య దేశాలలో సుమారు 25–30 శాతం మందిలో, జపాను వంటి సోయా తినే దేశాలలో 50–60 శాతం మందిలో ఈ మార్పు జరుగుతుందని అంచనా. ఈస్ట్రోజన్ తగ్గిపోయిన వయసులో ఈక్వాల్ ఆ లోటును కొంత పూరిస్తుందనీ, ఉన్నట్టుండి ఒంట్లో పుట్టే ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి తగ్గుతాయనీ ఈ వ్యాపారానికి ఆధారమైన వాదం.

ఈక్వాల్‌ను ఏ కంపెనీ సృష్టించలేదు. 1932లో మేరియన్, హాజిల్‌వుడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూడి గుర్రం మూత్రం నుంచి దాన్ని మొదటిసారి వేరుచేశారు. ఆ పేరులోనే గుర్రం ఉన్నది. 50 సంవత్సరాల తర్వాత, 1982లో, మనిషి మూత్రంలో కూడా దాన్ని గుర్తించారు. అంటే, అప్పటికి ఎన్ని తరాలనుంచో తూర్పు ఆసియాలో సోయా తింటున్న స్త్రీల శరీరాలలో, ఎవరి అనుమతీ లేకుండా, ఏ రుసుమూ లేకుండా జరుగుతూ వస్తున్న పనిని శాస్త్రం ఆలస్యంగా చూడగలిగింది. చూడటం గొప్ప విషయమే, కాదనము. కాని చూసినవాడు చూసినదానికి యజమాని ఎలా అవుతాడన్నది ప్రశ్న.

ఎలా అయినాడో చరిత్ర చెబుతున్నది. సిడ్నీకి చెందిన నోవోజెన్ కంపెనీ 1992లో వృక్ష ఈస్ట్రోజన్ల మీద ఒక దరఖాస్తు దాఖలు చేసింది. 1998లో దానికి అమెరికా పేటెంటు లభించింది. సోయా, క్లోవరు గడ్డి వంటి మొక్కలలో ఉన్న ఐసోఫ్లేవోన్లను ఆరోగ్యానికి అనుబంధాహారంగా ఇవ్వడం అందులోని విషయం. ముట్లుడుగు బాధలే కాక, కాన్సరు, కొలెస్ట్రాలు మొదలైనవి కూడా ఆ పత్రం పరిధిలోకి తేబడినాయి. తరువాత ఈక్వాల్ వంతు వచ్చింది. 1982 నాటి పరిశోధనలో పాల్గొన్న కెన్నెత్ సెచెల్, ఆయన పనిచేసిన అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రి ఈక్వాల్ మీద మేధోసంపత్తి హక్కులూ, లైసెన్సు ఒప్పందాలూ సంపాదించుకున్నారు. ఆ సంగతి ఆయనే తన శాస్త్ర వ్యాసాలలో ప్రకటించాడు గనుక ఇందులో దాపరికమేమీ లేదు. దాపరికం లేకుండా, నియమాల ప్రకారం, మర్యాదగా జరగడంలోనే దీని స్వరూపం బోధపడుతుంది. ఒక వ్యక్తి దురాశతో దీనికి పని లేదు. ఇది ఒక వ్యవస్థ నడక.

ఇక జపానులో ఒట్సుకా అనే ఔషధ కంపెనీ మరొక దారి పట్టింది. ఆరోగ్యవంతులైన మనుషుల మలం నుంచి లాక్టోకాకస్ 20-92 అనే సూక్ష్మజీవిని వేరుచేసి, దానితో సోయా గింజ మొలకభాగాన్ని పులియబెట్టి, ఈక్వాల్ తయారుచేసింది. 2014లో ఎక్వెల్ అనే పేరుతో జపాను మార్కెట్టులోకి తెచ్చింది. రోజుకు నాలుగు మాత్రలు, వాటిలో 10 మిల్లీగ్రాముల ఈక్వాల్. ఆ సూక్ష్మజీవి పేటెంటు పత్రాలకెక్కింది. దానికొక సంఖ్య ఉన్నది. ఏ మనిషి పేగులలో అది పుట్టి పెరిగిందో, ఆ మనిషికి మాత్రం ఆ పత్రాలలో చోటు లేదు. బతికి ఉన్న జీవిని సొత్తుగా రాసుకునే ఈ తలుపు 1980లో తెరుచుకున్నది. భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆనంద చక్రవర్తి మార్చి తయారుచేసిన బాక్టీరియాకు పేటెంటు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల మాటతో, నలుగురి అసమ్మతితో, తీర్పు చెప్పింది. ఆ తలుపులోనుంచి ఎవరెవరు, ఏమేమి మోసుకుపోయారో ఇంకా లెక్క తేలలేదు.

ఇప్పుడు పేటెంటును ఒక రచనగా చదువుదాం. అందులో ప్రాణమంతా "క్లెయిము" అనే భాగంలో ఉంటుంది. ఒక్కొక్క క్లెయిము ఒకే ఒక్క వాక్యంగా ఉండాలని అమెరికాలో నియమం. ఎంత పొడుగైనా సరే, చివరనే పూర్ణవిరామం. స్త్రీల బాధకు సంబంధించిన క్లెయిముల సామాన్య రూపం ఇలా ఉంటుంది: అవసరమున్న స్త్రీకి, ఫలానా పదార్థమున్న మిశ్రమాన్ని, ఫలానా పరిమాణం నుంచి ఫలానా పరిమాణం దాకా, ఫలానా బాధ తగ్గేందుకు ఇచ్చే పద్ధతి.

ఈ భాష మనకు కొత్తది కాదు. మన పాత భూమి దస్తావేజుల భాష ఇదే. తూర్పున ఫలానావారి చేను, పడమర డొంక, ఉత్తరాన కాలువ, దక్షిణాన ఫలానావారి దిబ్బ. ఈ నాలుగు హద్దుల నడుమ గల భూమిని నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యాలనే అష్టభోగాలతో సహా అనుభవించవచ్చునని అందులో రాసేవారు. దున్నేవాడి పేరు ఆ పత్రంలో ఉండేది కాదు. పేటెంటులో కూడా సరిగ్గా అంతే. మిల్లీగ్రాములు తూర్పు హద్దు, వారాలు పడమటి హద్దు, బాధ పేరు ఉత్తరపు హద్దు, వయసు దక్షిణపు హద్దు. నడుమ పడివున్నది స్త్రీ శరీరం. "ఆగామి" అంటే రాబోయే లాభం కూడా కొన్నవాడిదే. ఈ వాక్యంలో ఆ స్త్రీ కర్త కాదు, కర్మ కూడా కాదు, ఆమె సంప్రదానం. చతుర్థీ విభక్తిలో, "కొరకు" అనే ప్రత్యయం కింద, ఏదో ఒకటి పుచ్చుకోవడానికి మాత్రమే నిలబడి ఉన్నది.

టోఫు తిన్న స్త్రీ మీద ఎవరూ దావా వేయలేదు గదా, ఎందుకీ ఆవేశమని పేటెంటు పక్షపాతులు అంటారు. నిజమే, వేయలేదు. పేటెంటు బరువు పడేది తినే ఆమె మీద కాదు. అదే పదార్థాన్ని అదే బాధకు చవకగా తయారుచేసి ఇవ్వదలచిన రెండోవాడి మీద. ధర రూపంలో చివరకు అది ఆమె మీదికే వస్తుంది. పొలంలో నడిచే బాటసారిని పట్టుకోకపోయినంత మాత్రాన జమీందారీ లేదని ఎవరూ అనలేదు.

ఈ రచనలో అన్నిటికన్నా హాస్యాస్పదమైన ఘట్టం మరొకటి ఉన్నది. పేటెంటు కార్యాలయంలో ఈ పదార్థాలు బాధకు "చికిత్స" అని వాదిస్తారు. లేకపోతే హక్కు రాదు. అదే జాతి పదార్థాన్ని అమెరికాలో అనుబంధాహారంగా అమ్ముతూ బాధ నివారణ గుణాల గురించి సీసా మీద ఏమైనా చెప్పదలిస్తే, 1994 నాటి చట్టం ప్రకారం, ఇది ఏ రోగాన్నీ నిర్ణయించడానికి, నయంచేయడానికి, నివారించడానికి ఉద్దేశించినది కాదని కూడా రాయాలి. అమ్మకానికి ముందు అది పనిచేస్తుందని ప్రభుత్వానికి రుజువు చూపనక్కరలేదు. మన దేశంలో కూడా 2016 నాటి ఆహార ప్రమాణాల నిబంధనలు ఈ తరగతి సరుకు మీద "ఔషధోపయోగానికి కాదు" అని రాయమంటున్నాయి. ఆస్తి అడిగేటప్పుడు మందు, బాధ్యత అడిగేటప్పుడు తిండి! ఒకే నాలుక రెండు గదులలో రెండు మాటలు చెబుతుంటే, కవిత్వంలో దాన్ని శ్లేష అంటాం. వ్యాపారంలో దానికి వేరే పేరున్నది.

సరే, హక్కు సంగతి అలా ఉంచి, అసలు ఇది పనిచేస్తుందా? ఇందులో మన ఇష్టాయిష్టాలకు తావు లేదు. జరిగిన పరీక్షలను చూడాలి. నోవోజెన్ వారి ప్రొమెన్సిల్‌ను మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి 252 మంది స్త్రీలపై 12 వారాలు పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. రెంటికీ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2011లో మయామీలో 248 మంది మీద రెండేళ్ళపాటు, రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లతో జరిగిన పరీక్ష ఫలితం వెలువడింది. ఎముకల క్షయం ఆగలేదు. ఆవిర్లు సోయా తీసుకున్నవారిలోనే ఎక్కువ మంది చెప్పుకున్నారు. 2013లో పరీక్షలన్నిటినీ సమీక్షించిన కోక్రేన్ నివేదిక, వృక్ష ఈస్ట్రోజన్లు ఆవిర్లను తగ్గిస్తాయనడానికి నిర్ణయాత్మకమైన సాక్ష్యం లేదన్నది. జెనిస్టీన్ అనే ఒక్క ఐసోఫ్లేవోన్ విషయంలో మాత్రం ఇంకా చూడవలసి ఉన్నదన్నది. ఈక్వాల్ విషయంలో, పేగులలో దాన్ని తయారుచేసుకోలేని జపాను స్త్రీలకు రోజుకు 10 మిల్లీగ్రాములు 12 వారాలపాటు ఇచ్చినప్పుడు ఉత్తుత్తి మాత్రకన్న కొంత ఎక్కువ ఉపశమనం కనిపించిందని 2012లో ప్రకటించారు. ఈ మాట దాచనక్కరలేదు. కాని 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ హార్మోనేతర చికిత్సలన్నిటినీ తూచి చూసి, సోయా ఆహారాన్ని, సోయా సారాలను, ఈక్వాల్‌ను ఆవిర్లకు సిఫారసు చేయలేమని తేల్చింది. పేటెంట్లు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే చేతికి వచ్చాయి. ముందు హద్దురాళ్ళు పాతుకున్నారు. భూమిలో ఏమైనా పండుతుందా అన్నది తరవాత చూస్తున్నారు.

పండకపోయినా ఈ భూమికి ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో గ్రహించాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. 1942లో అమెరికాలో ప్రెమారిన్ అనే ఈస్ట్రోజన్ మందు వచ్చింది. అదీ చూడి గుర్రం మూత్రం నుంచి తీసినదే. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు 'ఫెమినిన్ ఫరెవర్' అనే పుస్తకం రాసి, ముట్లుడగడం ఒక లోపరోగమనీ, మందు వాడని స్త్రీ స్త్రీత్వమే పోగొట్టుకుంటుందనీ ప్రచారం చేశాడు. ఆయన సంస్థకు ఔషధ కంపెనీల సొమ్ము అందిన సంగతి తర్వాత బయటపడింది. 2002లో, 16,608 మంది స్త్రీలతో జరుగుతున్న అమెరికా ప్రభుత్వ పరీక్షలో ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ తీసుకుంటున్నవారిలో రొమ్ము కాన్సరు, గుండె జబ్బు, పక్షవాతం పెరిగినట్టు కనిపించడంతో ఆ భాగాన్ని అర్ధంతరంగా ఆపివేశారు. ముట్లుడిగిన కొద్ది సంవత్సరాలలోనే వాడేవారికి అపాయం తక్కువనీ, ఆవిర్లకు హార్మోను చికిత్సే ఎక్కువ గుణకారి అనీ తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. కాని ఆ వివేచన స్త్రీలకు చేరేలోపల భయం చేరింది. భయపడిన లక్షలాది స్త్రీల ఎదుట "సహజమైనది" అనే పలకతో సోయా మాత్ర నిలిచింది. మొదటి వ్యాపారం "నీవు రోగివి" అని భయపెట్టి అమ్మింది. రెండవ వ్యాపారం "ఆ మందు విషం" అనే భయాన్ని ఆసరా చేసుకుని అమ్ముతున్నది. రెండు వ్యాపారాలలోనూ స్త్రీ వయసు ఒక లోపం. ఆ లోపం ఒక ఖాతాదారు.

ఇక్కడ మన పండితులు కొందరు చేసే వాదాన్ని కూడా ఎదుర్కోవాలి. మన పూర్వులకు ఇవన్నీ తెలుసు, మన అమ్మమ్మలకు ఆవిర్లు లేవు, పేటెంట్లకు జవాబు మన ప్రాచీన విజ్ఞానమే అని వారంటారు. ఇది పేటెంటును తలకిందులుగా నిలబెట్టడమే. కంపెనీ "నాది" అంటే, వీరు "మా తాతది" అంటారు. బాధపడుతున్న స్త్రీ ఏమంటున్నదో ఇద్దరూ అడగరు. సోయా మన అమ్మమ్మల వంటింటి సరుకు కాదు. అమ్మమ్మలకు ఆవిర్లు లేవన్నది కూడా ఎవరూ అడగకపోవడంవల్ల మిగిలిన మౌనం. మార్గరెట్ లాక్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 1993లో ప్రచురించిన గ్రంథంలో, జపాను స్త్రీలు ఈ దశలో ఆవిర్ల కన్న భుజాలు పట్టేయడం, తలనొప్పి వంటివి ఎక్కువగా చెప్పుకుంటారని చూపింది. ఆమె ఆ తేడాకు శరీరాన్నీ, తిండినీ, కుటుంబాన్నీ, సమాజాన్నీ కలిపి చూసింది. వ్యాపారం అందులోనుంచి సోయాను మాత్రం ఏరుకుని, సోయాలోనుంచి ఒక అణువును ఏరుకుని, దానికి ధర కట్టింది. జపాను స్త్రీ జీవితం మాత్రలో ఇమడదు గనుక దాన్ని బయట వదిలేసింది.

పేటెంటు లేకపోతే పరిశోధన ఎవరు చేస్తారన్నది చివరి ప్రశ్న. ఈక్వాల్‌ను 1932లో కనిపెట్టినవారికి ఏ పేటెంటు ఆశ చూపారు? సోయా గుణాలను గురించిన మూలవిజ్ఞానంలో ఎక్కువ భాగం విశ్వవిద్యాలయాలలో, ఆసుపత్రులలో, ప్రజాధనంతో, తమ రక్తమూ మూత్రమూ ఇచ్చిన స్త్రీల సహకారంతో పుట్టినదే. అయితే పులియబెట్టే పద్ధతిని కనిపెట్టడంలో ఒట్సుకా వారి శ్రమ ఉన్నది. శ్రమను మనం తక్కువ చేయము. శ్రమకు ప్రతిఫలం వేరు, బాధ మీద గుత్తాధిపత్యం వేరు. ఈ రెంటినీ విడదీయడం సాధ్యమేనని మన దేశమే నిరూపించింది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా వచ్చిన 1970 పేటెంటు చట్టం, ఆహారానికీ ఔషధానికీ తయారీ పద్ధతి మీద మాత్రమే హక్కునిచ్చింది. వస్తువు మీద ఇవ్వలేదు. ఇతరులు మరో పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. చవక మందులు తయారుచేసే మన పరిశ్రమ ఆ నీడలోనే పెరిగింది. 2005లో ప్రపంచ వాణిజ్య ఒప్పందానికి తలవంచి వస్తువు పేటెంటును తిరిగి తెచ్చుకున్నాం. అయినా చట్టంలో కొన్ని కంచెలు మిగిలాయి. మనుషులకు చేసే చికిత్సా పద్ధతి మీద పేటెంటు ఇవ్వరాదని 3(ఐ) చెబుతున్నది. సంప్రదాయ విజ్ఞానం మీద ఇవ్వరాదని 3(పి) చెబుతున్నది. తెలిసిన పదార్థపు కొత్త ఉపయోగం మీద ఇవ్వరాదని 3(డి) చెబుతున్నది. 2013లో నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టినది ఈ మూడవదాన్నే. అమెరికాలో పసుపు మీద 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి పోరాడి 1997లో రద్దుచేయించింది. సోయా విషయంలోనే, జన్యుమార్పిడి సోయా అన్నిటి మీదా హక్కు కోరిన యూరపు పేటెంటు 2007లో రద్దయింది. 1994లో ఇచ్చినదాన్ని తీసివేయడానికి 13 సంవత్సరాలు పట్టింది. హద్దురాయి పాతడం ఒక్క పూట పని. పీకడం ఒక తరం పని.

మన దగ్గర ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల రైతులు సోయా పండిస్తున్నారు. ఆ గింజ నూనెకు, పిండి కోళ్ళ మేతకు పోతుంది. కలుపు తీసేది ఎక్కువగా స్త్రీలే. వారి ముట్లుడుగు వయసు ఏ అణువు కొరతతోనూ నిర్ణయం కావడం లేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో అందరికన్న ముందున్నది మన తెలుగు స్త్రీలే! అండాశయాలు కూడా తీసేస్తే, ముట్లుడుగు దశ ఒక్క రోజులో, కత్తి మొనతో వస్తుంది. ముప్పై అయిదేళ్ళకే ఎముకలు పలచబడుతుంటే, ఆవిర్లతో నిద్రలేక తెల్లారి కూలికి పోయే ఆమెకు, కడుపునొప్పి అన్న రోజున సరైన పరీక్ష చేసి సరైన మాట చెప్పిన ప్రభుత్వ డాక్టరు కావలసింది. ఆ డాక్టరు లేడు. ఆ ఖాళీలో ముందు కోత వచ్చింది. ఆ వెనకనే మాత్ర వస్తుంది.

మన సాహిత్యం కూడా ఈ నేరంలో భాగస్వామి. స్త్రీ వయసులో ఉన్నంతకాలం ఆమె మీద పుటలకు పుటలు రాశాం. పిల్లలు పుట్టాక ఆమెను తల్లిని చేసి మొక్కాం. నలభై అయిదేళ్ళు దాటాక గయ్యాళి అత్తను చేసి నవ్వుకున్నాం. ఆ గయ్యాళితనం వెనక ఎన్ని నిద్రలేని రాత్రులున్నాయో రాసిన కథలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని. మనం మాట ఇవ్వని చోట కంపెనీ మాట ఇచ్చింది. ఆ మాట పేరే క్లెయిము.

కాబట్టి మనం కోరవలసినవి స్పష్టం. మనిషికి చేసే చికిత్స మీద పేటెంటు కూడదన్న 3(ఐ) నిబంధనను ఏ వాణిజ్య ఒప్పందం కోసమూ సడలించరాదు. పేటెంటు అనే మాటను ఆరోగ్యపు సరుకుల ప్రకటనలలో యోగ్యతాపత్రంగా వాడటాన్ని నిషేధించాలి. సోయా మేలు చేస్తుందో లేదో, ఎవరికి చేస్తుందో, మన స్త్రీల మీద ప్రజాధనంతో పరీక్షించి, ఫలితం ఎలా ఉన్నా అందరి సొత్తుగా ప్రకటించాలి. కాన్పు దాటిన స్త్రీకి కూడా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక కుర్చీ, ఒక డాక్టరు, ఒక గంట తీరిక ఉండాలి. రచయితలు ఆ కుర్చీలో కూర్చున్న ఆమె చెప్పేది విని రాయాలి. చతుర్థిలో నిలబడిన ఆ స్త్రీని ప్రథమా విభక్తిలోకి తీసుకురావడం ఏ పేటెంటు కార్యాలయమూ చేయదు. అది మన పని.